మంజీర ఒడ్డున సహవాసము

మంజీరానది మెదకు సీమలో ఏడుపాయలై చీలి, మరల ఒక్కటై, నిజాంసాగరమున నిలిచి, అటుపిమ్మట బాన్సువాడ, బీర్కూరు ప్రాంతముల ప్రక్కగా ఉత్తరమునకు సాగి కందకుర్తికడ గోదావరిలో కలియును. 1923లో ఆరంభమై 1931లో ముగిసిన ఆనకట్టయు, దాని కాలువలును ఈ సీమ బ్రతుకును మార్చివేసినవి. మెట్టచేలు వరిమళ్ళయినవి, చెరకుతోటలు లేచినవి. కృష్ణా, గుంటూరు, గోదావరి మండలముల నుండి రైతులు వలస వచ్చి 'క్యాంపులు' అను పేరుతో క్రొత్త ఊళ్ళు కట్టుకొనిరి. బీర్కూరు 2016 వరకు నిజామాబాదు జిల్లాలోనిది. నేడు కామారెడ్డి జిల్లాలోనిది. ఇట్టిచోట ఇరుగుపొరుగన్నది తాతలు ఇచ్చిపోయిన ఆస్తి మాత్రమే కాదు. తెలియనివారి ప్రక్కన కాపురముండుట నేర్చుకొనవలసివచ్చిన సీమ ఇది.

అందుచేతనే కలిసి బ్రతుకుటను గూర్చిన ఒక చరిత్రను చెప్పుటకు మేము ఇచటినుండి బయలుదేరుచున్నాము. మా త్రోవ ఏటికి ఎదురుగా మెదకునకును, ఆపైన బీర్కూరునకు తూర్పుగా ఒక పూట ప్రయాణమున నున్న డిచ్‌పల్లికిని పోవును. నడుమ ఒకటి రెండుసార్లు సముద్రము దాటవలసియుండును. శ్రోతలు ఓపిక పట్టుదురు గాక.

'ఆరు నెలలు సహవాసము చేసిన వారు వీరగుదురు' అని మన సామెత. సహవాసమను మాట మన వాడుకలో మంచికిని చెల్లును, చెడ్డకును చెల్లును. తెలుగు క్రైస్తవులకు మాత్రము ఈ మాట ఒక ప్రత్యేకార్థమును సంతరించుకొన్నది. యెరూషలేములో తొలినాటి విశ్వాసులు ఉన్నదానిని పంచుకొని, కలిసి భుజించి, కలిసి ప్రార్థించిన జీవితమునకు వారు పెట్టుకొన్న పేరు అదియే. అయినను ఒక ప్రశ్న మిగులును. దేవుని నమ్మువాడు ఒంటరిగా నమ్మరాదా? పదిమంది ఎందులకు? కొండగుహలలో తపస్సు చేసినవారిని తరతరములుగా గౌరవించిన జాతికి ఈ ప్రశ్న మిక్కిలి సహజము.

క్రైస్తవులలోను ఏకాంతమును కోరినవారు లేకపోలేదు. నాలుగవ శతాబ్దమున ఐగుప్తు ఎడారులకు వందలకొలది జనులు పోయి గుడిసెలలో, గుహలలో ఒంటరిగా వసించిరి. వారిని స్వయముగా చూచి వచ్చిన బాసిల్ అను విద్వాంసుడు మాత్రము ఆ మార్గమును మెచ్చలేదు. అతడు 370లో, నేటి టర్కీ దేశములోని కైసరయ పట్టణమునకు బిషపు అయ్యెను. అతని వాదము చాల సాదా వాదము. క్రీస్తు శిష్యుల పాదములు కడిగెను గదా; ఒంటరిగా నుండువానికి కడుగుటకు ఎవరి పాదములు దొరకును? ఓర్పును ఎవరియెడ చూపును? వినయమును ఎవరియెదుట నేర్చును? తన తప్పు తనకు చెప్పువాడెవడు? ఏకాంతవాసికి తన గుణములను పరీక్షించుకొను తావు లేదని అతని తీర్పు. అతడు దానిని మాటతో విడువలేదు. కైసరయ వెలుపల రోగులకు, పేదలకు, బాటసారులకు ఒక గొప్ప ఆశ్రమమును కట్టించెను. అందు కుష్ఠరోగులకు చోటుండెను. బాసిల్ వారిని అసహ్యించుకొనక ఆలింగనము చేసికొనెడివాడని అతని స్నేహితుడు గ్రెగొరీ సంస్మరణ ప్రసంగమున చెప్పెను. ఈ కుష్ఠరోగుల ముచ్చటను శ్రోతలు గుర్తుంచుకొన గోరుదుము. మరల దీనికే రావలసియున్నది.

ఇక పదునెనిమిదవ శతాబ్దపు ఇంగ్లండునకు పోవుదము. బ్రిస్టలు నగరమున జాన్ వెస్లీ అనుచరులు ఒక ప్రార్థనామందిరము కట్టి అప్పుల పాలైరి. 1742లో ఆ అప్పు తీర్చు ఉపాయము కొరకు సభ చేయగా, కెప్టెన్ ఫోయ్ అనునతడు సభ్యుడొక్కింటికి వారమునకు ఒక పెన్నీ చొప్పున వసూలు చేయుదమనెను. పేదవారు అదియు ఇచ్చుకొనలేరని మరియొకరు అడ్డుచెప్పిరి. అందరికన్న బీదవారిని పదునొకండుగురను నాకు ఒప్పగింపుడు, వారిని వారము వారము నేనే చూచి వత్తును, ఇయ్యలేనివారి పాలు నేనే యిత్తునని ఫోయ్ బదులు చెప్పెను. ఆ విధముగా పండ్రెండుగురేసి గుంపులు ఏర్పడినవి. పెన్నీ కొరకు ఇల్లిల్లు తిరిగిన గుంపు పెద్దలకు ఆ యిండ్లలోని సంగతులు తెలిసినవి: ఒకచోట జబ్బు, ఒకచోట త్రాగుడు, మరియొకచోట ఆలుమగల పోరు. ఇంటింటికి తిరుగుట కష్టమై, గుంపువారందరు ఒకచోట చేరి వారి కష్టసుఖములు వారే చెప్పుకొనసాగిరి. మెథడిస్టుల 'క్లాసు' కూటము ఇట్లు పుట్టినది. అప్పు తీర్చుటకు పుట్టినది ఆత్మలను అరయునదిగా మారెను! చరిత్రలో ఇట్టి చమత్కారములు అరుదు కావు.

ఈ పెన్నీ కథకు మంజీరతో సంబంధమేమన, పందొమ్మిదవ శతాబ్దము చివర నిజాం రాజ్యమున మెదకు కేంద్రముగా పనిచేసినది ఈ వెస్లియను మిషనే. చార్లెస్ వాకర్ పాస్నెట్ అను దొర దానికి పెద్ద. మెదకు అనగానే అందరికి తోచునది అతడు కట్టించిన చర్చి. 1914 నుండి 1924 వరకు, కరవుకాటకముల నడుమ, పనికి అన్నమను పద్ధతిని దాని నిర్మాణము సాగెను. 1924 డిసెంబరు 25న అది ప్రతిష్ఠితమయ్యెను. గోపురము 175 అడుగులు. నేటికిని క్రిస్మసునాడు అన్ని మతములవారును వేలకొలదిగా అచట చేరుదురు. అన్నము కొరకే జనులు ఆ మతమున చేరిరని ఆనాడే విమర్శ కలదు. కరవునాడు అన్నము పెట్టినవానిని మనిషి మరువడు. దానిలో తప్పేమియు మాకు కనబడదు. కాని కరవు తీరిన తరువాత, తరములు గడచిన తరువాత, ఆ జనులను ఒకచోట నిలిపినది అన్నము కాజాలదు. నిలిపినదేదో చూడవలెనన్న ఆ పెద్ద చర్చిని విడిచి పల్లెలకు పోవలెను.

పల్లెలలో క్రైస్తవులైనవారు చాలవరకు మాలలు, మాదిగలు. దేశముఖులకు, పట్వారులకు కూలిలేని వెట్టి చేసిన కుటుంబములవి. వారు ఒక్కరొక్కరుగా మతము మారినవారు కారు. వాడలోని ఇండ్లవారు కూర్చుండి ఆలోచించుకొని, అందరు కలిసి తీర్మానించుకొనిరి. ఒక్కడే మారినయెడల వానికి పిల్లనిచ్చువాడు లేడు, పీనుగును మోయువాడు లేడు. వాడ యావత్తు మారినయెడల పెండ్లియు, చావును పాతవారి నడుమనే జరుగును. ఇట్టి సామూహిక ఉద్యమములను భారతదేశమంతట పరిశీలించి పికెట్ అను పండితుడు 1933లో ఒక గ్రంథము వెలువరించెను. మనిషిని అతని జనము నుండి పెరికివేయకుండుటయే వీని బలమని అతని అభిప్రాయము.

పగలంతయు పరుల పొలమున పనిచేయు కూలీలకు పగటివేళ ఆరాధన ఎక్కడిది? దీపములు పెట్టిన తరువాత, గంజి త్రాగిన తరువాత, వాడలోని చిన్న మందిరమున, అది లేనిచోట ఒక యింటి ముంగిట, కూడెడివారు. ఉపదేశి ఒక్కడు పెక్కు పల్లెలను చూడవలెను గనుక పెక్కు రాత్రులు వాడపెద్దయే కూటము నడపెడివాడు. చదువురానివారికి పాటయే గ్రంథము. భజనల మెట్టులోనే, తాళముల మీదనే క్రీస్తు కథను పాడుకొనిరి. ప్రార్థనలో దేవుని అడిగినది, అడిగినవాని పొరుగువారును వినిరి. ఎవరి యెద్దు చచ్చినది, ఎవరి బిడ్డకు జ్వరము, ఎవరిని పటేలు కొట్టించెను అను సంగతులు దేవునికంటె ముందు వాడకు తెలిసెడివని చెప్పిన పరిహాసమగును గాని అబద్ధము కాదు. బ్రిస్టలు గుంపులలో జరిగినదే మంజీర పల్లెలలోను మరియొక రూపమున జరిగెను.

ఇంతవరకు చెప్పి ఆగినయెడల ఇది చరిత్ర కాదు, స్తోత్రమగును. మాలవాడ వేరు, మాదిగవాడ వేరు. తరతరములుగా ఒకరి నీరు ఒకరు త్రాగనివారు. ఇద్దరును క్రైస్తవులైన ఊళ్ళలో, ఒకే బల్లయొద్ద ప్రభురాత్రి భోజనమునకు కూర్చుండుట తత్త్వమున సులభము, ఆచరణమున కఠినము. కొన్నిచోట్ల రెండు వాడలకు రెండు కూటములే సాగినవి. తిరునెల్వేలి సీమలో పుట్టి 1912లో దోర్నకల్లునకు బిషపైన వేదనాయకం సామ్యూల్ అజరయ్య, ఆంగ్లికను సంఘమున ఆ పదవి పొందిన తొలి భారతీయుడు, కులమును దేవాలయపు గడప దాటనీయరాదని జీవితాంతము పట్టుబట్టిన వ్యక్తి. తెల్లవారికిని ఆయన మొగమాటము లేక చెప్పెను. 1910లో ఎడింబరో మహాసభలో ఆయన అడిగినది ధనము కాదు, సేవ కాదు, సమానుల నడుమ స్నేహము. బల్ల మీద వడ్డించుట వేరు, బల్లయొద్ద ప్రక్కన కూర్చుండుట వేరని ఆ సభవారికి తెలియవచ్చెను. తరువాత 1947 సెప్టెంబరులో పలు మిషనుల సంఘములు దక్షిణ ఇండియా సంఘమను పేర ఒక్కటైనవి. మెదకు ఒక అధ్యక్ష మండలమయ్యెను. పటము మీద ఐక్యత కుదిరినంత వేగముగా పల్లెలో కుదరలేదు. మెదకు ప్రాంతపు గ్రామ సంఘములను పరిశీలించి లూక్, కార్మన్ అనువారు 1968లో ప్రచురించిన గ్రంథమున కనబడునవి పట్టణవాసులు ఊహించుకొను సంఘములు కావు. వారి క్రైస్తవులు ఇరుగుపొరుగు హిందువుల పండుగలను, మ్రొక్కులను పూర్తిగా విడిచినవారు కారు. తమలో తాము తగవులాడువారు. అయినను రాత్రి కూటమునకు వచ్చువారు.

తగవులాడియు మరల వచ్చుటలోనే సహవాసమునకు విలువ యున్నదని మా తలంపు. హిట్లరు కాలమున జర్మనీలో డీట్రిక్ బాన్‌హోఫర్ అను గురువు 1935లో ఫింకెన్‌వాల్డె అనుచోట యువబోధకులతో కలిసి జీవించెను. 1937లో రహస్య పోలీసులు ఆ విద్యాలయమును మూయించిరి. ఆ అనుభవమును అతడు 1939లో చిన్న గ్రంథముగా వెలువరించెను. సంఘమును గూర్చిన తన కలను ప్రేమించువాడు ఉన్న సంఘమును చెరుపునని అతడు హెచ్చరించెను. ప్రక్కన కూర్చున్నవాడు మనము కోరుకొన్నవాడు కాడు, మనకు ఈయబడినవాడు. బాన్‌హోఫర్ 1945 ఏప్రిలులో ఉరితీయబడెను.

ఎవరును కోరుకొనని సహవాసమును చూడవలెనన్న డిచ్‌పల్లికి పోవలెను.

డిచ్‌పల్లి యనగా మన ప్రాంతమువారికి కొండ మీది రామాలయము తలపునకు వచ్చును. దానికి చేరువనే మరియొక ప్రసిద్ధ స్థలము కలదు. స్కాట్లండు దేశీయురాలు, ఆబర్డీను విశ్వవిద్యాలయమున వైద్యము చదివిన ఇసబెల్ కెర్ తన భర్త జార్జి కెర్‌తో 1907లో నిజాం రాజ్యమునకు వచ్చెను. నిజామాబాదులో ఆమె వైద్యశాలకు కుష్ఠరోగులు వచ్చెడివారు. వారికి చేయదగిన వైద్యము అప్పటికి లేదు, ఉండదగిన చోటు అంతకన్న లేదు. 1911లో ఒక చిన్న ఆశ్రయము ఏర్పాటైనది. పిమ్మట, హిందూ దాత రాజా నరసాగౌడు ఇచ్చిన ద్రవ్యముతోను, నిజాం ప్రభుత్వపు ఆదరముతోను, 1915లో డిచ్‌పల్లిలో విక్టోరియా కుష్ఠరోగ చికిత్సాలయము వెలసెను. క్రైస్తవ సంస్థకు హిందువు ధనము, ముసల్మాను ప్రభువు అండ: ఈ విషయమును నేడు మరింత బిగ్గరగా చెప్పవలసియున్నది.

అచటికి వచ్చినవారు ఎట్టివారు? ఇల్లు వెళ్ళగొట్టినవారు. భార్య విడిచిన భర్త, భర్త విడిచిన భార్య, అన్నదమ్ములు పొలిమేర దాటించినవాడు. అందు అన్ని కులములవారును, మతములవారును కలరు. బయట ఒకరి నీడ ఒకరిపై పడనీయనివారికి ఇచట ఒకే వరుసలో మంచము వేయబడెను. రోగమే వారి కులమయ్యెను. ప్రార్థనకు పోదలచినవారు పోయిరి, వైద్యము అందరికి.

ఈ రోగపు స్వభావమును కొంచెము వివరింపనిదే తక్కిన విషయము బోధపడదు. కుష్ఠక్రిమి నరములను చెరుపును. చెడిన నరములుగల కాలికి ముల్లు గ్రుచ్చుకొన్నను తెలియదు, నిప్పు తగిలినను తెలియదు. నొప్పి లేమి వరమని తోచును గాని అది శాపము. తెలియని గాయము పుండై, పుండు ఎముకను చేరి, వ్రేళ్ళు పోవును. దీనికి ఔషధముకంటె ముఖ్యమైనది దినదినము కాళ్ళను నీటిలో నాననిచ్చి, కడిగి, నూనె రాచి, క్రొత్త గాయము కలదేమో అని వెదకుట. రోగికి కన్ను కూడ చెడినయెడల వెదకువాడు మరియొకడు కావలెను. చేతివ్రేళ్ళు పోయినవానికి కట్టు కట్టువాడు మరియొకడు కావలెను. కన్నున్నవాడు కన్ను లేనివాని పాదమును చూచును. చేయి బాగున్నవాడు చేయిలేనివానికి ముద్ద కలిపి యిచ్చును. ఒంటరిగా నుండువానికి ఎవరి పాదములు దొరకునని కైసరయలో బాసిల్ అడిగిన ప్రశ్న ఇట్టిచోట ఉపమానము కాదు, ప్రతి ఉదయపు పని.

1921 ప్రాంతమున హిడ్నోకార్పస్ నూనెతో చేయు సూదిమందు వచ్చెను. దానితో డిచ్‌పల్లి అనాథ శరణాలయము అను దశ దాటి వైద్యశాల యయ్యెను. మందు కలదని విని జనులు వెల్లువగా వచ్చిరి. ఇసబెల్ కెర్‌కు 1923లో కైసర్-ఇ-హింద్ పతకము లభించెను.

ఆ రోజుల ఆశ్రమముల కాఠిన్యమును దాచుట న్యాయము కాదు. స్త్రీపురుషులను వేరువేరుగా నుంచుట, రోగములేని పిల్లలను తల్లిదండ్రుల నుండి విడదీసి వేరొక గృహమున పెంచుట ఆనాడు పలుచోట్ల నియమము. వైద్యశాస్త్రపు భయము దానికి కారణము. ఆ తల్లుల బాధకు అది సమాధానము కాదు. ప్రేమతో కట్టిన ప్రాకారము కూడ ప్రాకారమే. సహవాసమును పొగడువారు దాని వాకిలి ఏ వైపునకు తెరచుకొనునో కూడ చూడవలెనని మేము ఎంచుటకు ఇదియే హేతువు.

ఆ వాకిలికి అసలు పరీక్ష మందు ఫలించిన తరువాత వచ్చెను. 1940 దశాబ్దమున డాప్సోను, 1981లో ప్రపంచ ఆరోగ్య సంస్థ సిఫారసు చేసిన బహు ఔషధ చికిత్సయు వచ్చి ఈ రోగమును పూర్తిగా నయము చేయగల స్థితికి తెచ్చినవి. కుష్ఠు ప్రజారోగ్య సమస్యగా ఇక లేదని భారత ప్రభుత్వము 2005 చివరికి నిర్ధారించెను. అయినను క్రొత్త రోగులు ఏటేట కనుగొనబడుచునే యున్నారు. క్రిమి చచ్చినను పోయిన వ్రేళ్ళు తిరిగి రావు. నయమైనవాడు మూట కట్టుకొని ఊరికి పోవును. ఊరు వాని చేతులను చూచును. అట్లు పోయి, గడప యెక్కనీయక, తిరిగి వచ్చినవారు దేశమందలి ఇట్టి ఆశ్రమములన్నిటికి పరిచితులే. రోగిగా వచ్చినవాడు రోగము లేనివాడై, వేరే దిక్కు లేక, అచటనే ముసలివాడగును. వాని పాడె మోసినది రక్తబంధువులు కారు. ప్రక్కమంచముల వారు, ప్రార్థనలో ప్రక్కన కూర్చున్నవారు. మెదకు పల్లెలలో ఒక్కడుగా మతము మారుటకు జనులు భయపడినది దేనికో ఆ భయము ఇచట తీరెను. మోయువారు కలరు.

పల్లెసంఘమునకును ఇచట ఒక బాధ్యత కలదు. బీర్కూరు వంటి ఊళ్ళనుండి డిచ్‌పల్లికి పోయినవాడు నయమై వచ్చినపుడు, రాత్రి కూటమున చాప మీద వానికి చోటు ఈయవలసినది వాని వాడవారే. ఆశ్రమములోని సహవాసము ఎంత గొప్పదైనను, వాడలోని సహవాసము వానిని ఒల్లనపుడు మొదటిది చెరసాలకు సమీపమున నిలుచును. ఒక చాపకంటె ఎక్కువ అడుగుట లేదు. ఆ చాప మీద జరుగుటకే తరతరములు పట్టినవి.

చట్టముల కథయు ఇట్టిదే. కుష్ఠరోగము కారణముగా విడాకులు పొందవచ్చునని మన వివాహ చట్టములు పెక్కింట వ్రాయబడి యుండెను. క్రైస్తవులకు వర్తించు 1869 నాటి విడాకుల చట్టమున ఈ కారణమును చేర్చినది, వింత యేమన, పూర్వకాలము కాదు. 2001 నాటి సవరణ. రోగమునకు మందు దొరకి ఇరువది యేండ్లు గడచిన పిమ్మట! దానిని క్రైస్తవ, హిందూ, ముస్లిము, ప్రత్యేక వివాహ చట్టములన్నిటి నుండి పార్లమెంటు 2019లో తొలగించెను. ఆ సంవత్సరము ముందుగా విడిచిపెట్టబడిన భార్యలలో, భర్తలలో ఎందరో ఆశ్రమముల చెంతనే, కొందరు మరల ఒకరినొకరు పెండ్లాడి, చిన్నచిన్న యిండ్లలో కాపురములు పెట్టుకొని యుండిరి.